షోకేసులో జీడాకులు

చింతపల్లి ఘాట్‌లో బండి మీంచి పడ్డాక మా తమ్ముడికి నడుము కింద చచ్చుబడిపోయింది. ఆసుపత్రి వరండాలోనే మా నాన్న నోరు పారేసుకున్నాడు. "ఆ బల్లులు ఇంట్లో కాలెట్టిన కాడినుంచీ దరిద్రమే. కొనొద్దని సెప్పేనా లేదా?" అన్నాడు. లోపల మంచం మీదున్న వాడికి అంతా వినబడింది. ఆ రోజు నుంచి వాడు నాన్నతో మాట మానేశాడు.

అవి గోడల మీద పాకే బల్లులు కావు. వాడు విశాఖలో కొన్న విదేశీ జాతి. పసుప్పచ్చ ఒంటి మీద నల్లమచ్చలు, లావుపాటి తోక. రెండూ ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉండేవి. బల్లి మీద పడితే తలస్నానం చేసి పంచాంగం తిరగేసే ఇల్లు మాది. వాటి జోలికెళ్లేది వాడూ నేనూ మాత్రమే.

ఇంటికి తెచ్చాక వాడు గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే ఒక ముద్ద మింగి చాలనేవాడు. వీడు మాకు దక్కడేమోనని భయం పట్టుకుంది నాకు. నర్సీపట్నంలో పాత సామాన్ల కొట్టుకెళ్లి, బేరమాడి, ఒక అద్దాల షోకేసు ఆటోలో వేయించుకొచ్చాను. పూర్వం మిఠాయి కొట్టుదట. ఎంత తోమినా మూలల్లో నెయ్యి వాసన పోలేదు. "నీ బల్లులకి సొంతూళ్లో ఉన్నట్టే ఇల్లు కడదాం. నువ్వు చెప్పు, నేను చేస్తాను" అన్నాను. వాడు నావైపు తిరిగాడు.

"ఒక పక్క ఎచ్చగా ఉండాలక్కా, ఇంకో పక్క సల్లగా" అన్నాడు.

ఏటికొప్పాక దాకా పోయి వరాహ నది ఇసుకా రాళ్లూ మోసుకొచ్చాను. రాళ్లు పేర్చి గుహ కట్టాను, పైన బల్బు వేలాడదీశాను. "రాయి కదిలితే నలిగిపోతాయి, ఇంకాస్త లోపలికి తొయ్యి" అంటూ మహానుభావుడు మంచం మీంచే పెత్తనం. పైకి విసుక్కున్నాను గానీ లోపల ఎంత సంబరమో! ఇక అవి దాక్కోవడానికి ఎండుటాకులే తక్కువ అన్నాడు.

గుమ్మం దగ్గర నిలబడి నాన్న అది విన్నాడు. మర్నాడు పొద్దున్నే మా జీడితోట నుంచి గోనెసంచి నిండా ఎండుటాకులు తెచ్చాడు. బల్లులున్న గదిలోకే రాని మనిషి నేల మీద చతికిలబడి, చీమలు లేకుండా ఒక్కో ఆకూ దులిపి, తనే షోకేసులో పరిచాడు. "ఒక్క సీమ లేదు, సూస్కో" అన్నాడు వాడితో.

"ఆ మూల ఇంకొంచెం ఎయ్యి నాన్నా."

నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

బల్లుల్ని అందులోకి మార్చిన మర్నాడు, వాటి మేతకని వదిలిన కీచురాళ్లు ముందుగా వెల్లకిలా పడ్డాయి. తర్వాత ఒక బల్లికి కాళ్లు వణికాయి, తల ఎత్తలేకపోయింది. నీళ్లు మార్చాం, ఇసుక కడిగాం, బల్బు కిందికి దించాం. సాయంత్రానికి ఒకటి, తెల్లారేసరికి రెండోది పోయాయి.

నాన్న షోకేసు ముందు కూలబడ్డాడు. "ఏటైపోనాదమ్మా? సీమలు కుడతాయని, మందు కొట్టిన సెట్ల కింద ఆకే ఏరి తెచ్చేను గదా!"

జీడిపూతకి కొట్టే పురుగుమందు! నా ఒళ్లు భగ్గుమంది. పురుగుల్ని చంపే మందు, ఆ పురుగుల్ని తినేదాన్ని బతకనిస్తుందా, ఆమాత్రం తెలీదా అని అరవబోయాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు, నొప్పి పుట్టేంత గట్టిగా. వాడి చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"సలికి పోనాయి నాన్నా. బల్బు సాల్లేదు."

నాన్న నమ్మాడు. కండువాతో ముఖం తుడుచుకుని, వాటిని ఆ జీడాకుల్లోనే చుట్టి పెరట్లో పాతిపెట్టాడు. చేతులు కడుక్కొచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"ఇంకో జత కొందాంలే. ఈసారి పెద్ద బల్బెడదాం. ఆకు సంగతి నీకెందుకు, మన తోటదే తెస్తాను."

"అలాగే నాన్నా" అన్నాడు వాడు.