కూర్మారావు మావ ఇంట్లో కలెక్టరు

కూర్మారావు మావకి కుక్కలంటే పడదు, అరుస్తాయని. పిల్లులంటే పడదు, అరవకుండా వస్తాయని. మనుషులంటే కూడా ఈ రెండు కారణాలకే పడదు. నేను పక్కింటివాణ్ని, పైగా వరసకి మేనల్లుణ్ని కాబట్టి ఆయన తిట్లలో సగం నా వాటాకే వచ్చేవి. కొబ్బరితోటా, నాలుగు జీడిచెట్లూ, నోటినిండా తిట్లూ, అదీ ఆయన ఆస్తి. అలాంటి మనిషి రెండువేల మూడులో ఒక చేపని పెంచాడు. మా ఉద్దానంలో చేపంటే పులుసు. పులుసుని ఎవరైనా పెంచుతారా?

దీనికంతటికీ మూలం మనవరాలు సంజన, ఐదేళ్ల పిల్ల. కొడుకూ కోడలూ పలాసలో జీడిపప్పు పనికి పొద్దున్నే బస్సెక్కితే పిల్ల తాత దగ్గరే ఉండేది. ఇంట్లో ఒక కోడిపిల్ల ఉండేది గానీ, కోడిని మా ఊళ్లో పెంపుడు జంతువుల లెక్కలో వెయ్యరు. టెక్కలి నుంచి చుట్టాలు వచ్చినరోజు సంజన రెండు ముక్కలు తిని, బాగుందని చెప్పి, ఆ తర్వాత తాను తిన్నది ఎవరినో తెలుసుకుంది. ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది. అప్పుడు మావ మాటిచ్చాడు, ఎవరూ తినని జంతువుని కొనిపెడతానని.

కాశీబుగ్గ బస్టాండు దగ్గర రంగుచేపలు అమ్మే కొట్టు చూశాడు. నేనూ సంజనా పక్కనే ఉన్నాం.

“ఇది తినేదేనేటి?” అన్నాడు, గోల్డ్ ఫిష్‌ని చూపించి.

“కాదండి, సూడ్డానికే.”

“తింటే ఏటవుద్ది?”

“ఇప్పటిదాకా ఎవులూ తిన్నేదండి.”

“అయితే ఇచ్చేయ్.”

నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచిలో చేపని పట్టుకుని బస్సెక్కాం. పక్క సీట్లో బారువ నుంచి వచ్చిన ఎండుచేపల ఆవిడ తన గంప కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది. సంచిలోకి తొంగిచూసి, “దీన్ని ఎండబెడితే ఏటి మిగల్తాదమ్మా?” అని జాలిపడింది. సంజన సంచిని గబుక్కున కిటికీ వైపు తిప్పేసింది.

“ఇటు సూడకు. ఆ గంపలో నీ సుట్టాలున్నారు” అని చేపకి చెప్పింది.

ఇంటికొచ్చాక దాన్ని కిరాణాకొట్టులో బిస్కెట్లు పోసే పెద్ద గాజుజాడీలోకి దింపారు. పేరు మాత్రం సంజనే పెట్టింది. ఆ మధ్య మా రోడ్డు మీదుగా కలెక్టరు గారి కారు పోతుంటే పిల్లలందరూ పరిగెత్తి చూశారు. అద్దాల వెనక ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నోరు కదులుతోంది, మాట వినబడటం లేదు. జాడీలో చేపని చూడగానే పిల్లకి అదే గుర్తొచ్చింది. చేప పేరు కలెక్టరు అయిపోయింది.

ఇక్కడ నీళ్ల సంగతి చెప్పాలి. మావ పెరట్లో మంచి నుయ్యి ఉంది. కానీ ఆయన పెళ్లాం సుభద్రత్త పోయిన తర్వాత ఆయన దానిమీద తాటిదుంగలు పరిచి, పైన పాత రుబ్బురోలు దొర్లించి పెట్టాడు. బారువ దారిలో ఉన్న బోరు దాకా సైకిలు తొక్కి క్యాన్లతో నీళ్లు తెచ్చుకునేవాడు. అత్తకి కిడ్నీలు పాడయ్యాయి. మా ఊళ్లో ఆ జబ్బు తొక్కని వీధి లేదు. ఎందుకొస్తుందో మాత్రం తెలీదు. నీళ్లన్నారు, మట్టన్నారు, ఎండన్నారు, నొప్పుల బిళ్లలన్నారు. ఎవరెవరో వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. ఏం తేలిందో మా చెవిన పడలేదు.

అలాంటి ఊరికి ఒక చేప దొరికింది.

మొదట నోరు జారినవాడు టీకొట్టు వైకుంఠరావు. జాడీ ముందు గొంతుక్కూర్చుని, “ఇయ్యెక్కడి నీళ్లు బావా?” అని అడిగాడు. బోరువని మావ చెప్పాడు. “అయితే బోరు నీళ్లు మంచివే. సేప బతికున్నాది గదా” అన్నాడు వైకుంఠరావు. అంతే. మర్నాడు పొద్దున్నే మావ తలుపు తీసేసరికి అరుగు మీద సీసాలు, చెంబులు, మరచెంబులు. ప్రతి ఇంటివాళ్లూ తమ నూతి నీళ్లు పట్టుకొచ్చారు, కలెక్టరు ఒక పూట అందులో ఉండి చూడాలని.

మావ తరిమేస్తాడనుకున్నాను. తరమలేదు. వరసలో నిలబెట్టాడు. షరతులు సంజన పెట్టింది. రోజుకి ఒక ఇల్లే. పొద్దున దింపితే సాయంత్రం తీసెయ్యాలి. ఆదివారం కలెక్టరాఫీసుకి సెలవు. ఇదంతా పెద్దవాళ్లు తలాడిస్తూ విన్నారు, నవ్వలేదు. నేను కూడా నవ్వలేదు, ఎందుకంటే ఆ వరసలో మా సీసా కూడా ఉంది.

మావ టీ గంటెతో చేపని ఒక నీళ్లలోంచి ఇంకో నీళ్లలోకి మార్చేవాడు. సాయంత్రం దాకా ఆ ఇంటివాళ్లు అరుగు కింద కూర్చుని ఎదురు చూసేవాళ్లు. చేప తిరుగుతుంటే వాళ్లకి ప్రాణం లేచొచ్చేది, అది ఒక మూల ఆగితే మొహాలు వాడిపోయేవి. రత్నాలమ్మ గారి నీళ్లలో మాత్రం అది పక్కకి ఒరిగిపోయింది. సంజన కెవ్వుమంది. మావ దాన్ని బోరు నీళ్లలోకి విసిరినంత పని చేశాడు. చేప కోలుకుంది గానీ రత్నాలమ్మ గారి ఇల్లు కోలుకోలేదు. కోడళ్లు పుట్టిళ్లకి మూటలు సర్దుకున్నారు, వచ్చిన అల్లుడు మంచినీళ్లు కూడా ముట్టకుండా పోయాడు. ఆఖరికి తేలిందేమిటంటే, కలెక్టరు దిగే నీళ్లు కదా అని ఆవిడ సీసాని సబ్బుపొడి పెట్టి తోమింది. కడగడం మాత్రం సరిగ్గా కడగలేదు.

ఊరంతా అయ్యాక వైకుంఠరావే మళ్లీ నోరు జారాడు. “అందరివీ సూసినావు, నీ నూతి నీళ్లెప్పుడు సూత్తావు బావా?”

“నా నూతి జోలికొచ్చినావంటే నిన్నే అందులో దించుతాను. ఎల్లు” అన్నాడు మావ. వైకుంఠరావు టీగ్లాసు కూడా వదిలేసి పోయాడు.

తర్వాత మావ నాతో అన్నాడు, నా మొహం చూడకుండా. “మీ అత్తకి మోకాళ్ల నొప్పులురా. తోడుకోనేకపోయేది. నానే తోడి బింది నింపి పెట్టేవోణ్ని, రోజూ. నానూ అయ్యే తాగినాను. నాకేటీ కానేదు.”

అప్పుడు నాకర్థమైంది. ఆ నీళ్లు చెడ్డవైతే పెళ్లానికి తన చేత్తోనే తాగించాడు. మంచివైతే ఆవిడ ఎందుకు పోయిందో ఇంక చెప్పేవాళ్లు లేరు. ఈ రెండిట్లో ఏదీ ఆయన వినలేడు. అందుకే ఊరి నూతులన్నీ పరీక్ష చేశాడు గానీ తన దుంగ ఒక్కటి కదపలేదు. ఆ మనిషి మీద నాకు మొదటిసారి కోపం రాలేదు.

వైశాఖంలో ఒకనాడు మావ హరిశ్చంద్రపురం పెళ్లికి వెళ్తూ పిల్లని నాకు అప్పగించాడు. మధ్యాహ్నం కరెంటు లేదు, బోరు ఆడలేదు, క్యాన్లు ఖాళీ. కలెక్టరుకి ఉక్కపోస్తోందని సంజన జాడీని ఎత్తి పెరట్లోకి తెచ్చింది. గడప తగిలింది. నేను వచ్చేసరికి గాజుపెంకుల మధ్య చేప గిలగిల్లాడుతోంది, పిల్ల “బేగి, బేగి” అని అరుస్తోంది. మా ఇంట్లో కుండ నిండా నీళ్లున్నాయి. కానీ చేప నేలమీద కొట్టుకుంటుంటే పక్కింట్లో కుండ ఎవరికి గుర్తొస్తుంది? ఎదురుగా నుయ్యి ఉంది. రోలు దొర్లించి, దుంగ జరిపి, తాడు కట్టి బాల్చీ వేశాను. చేపని ఆ బాల్చీలోనే పడేశాను.

కలెక్టరు ఒక్క క్షణం ఆలోచించి ఈదడం మొదలుపెట్టింది.

సాయంత్రం మావ వచ్చి దుంగ చూశాడు, బాల్చీ చూశాడు, నన్ను చూశాడు. తిట్టలేదు. నాకు భయం వేసింది.

“కలెక్టరు మన నూతి నీళ్లలో దిగినాడు తాతా. బాగున్నాడు” అంది సంజన.

ఆయన బాల్చీ పక్కన చతికిలబడ్డాడు. చేప అంచు వెంట తిరుగుతోంది, బోరు నీళ్లలో కంటే హుషారుగానే. పెళ్లి భోజనానికి కట్టుకున్న తెల్లపంచె బురదలో నానుతోంది.

“నివ్వు బతికే ఉన్నావు” అన్నాడు చివరికి, చేపతోనే. “మరి మీ నాన్నమ్మ ఏటి తాగి పోయినాదే గుంటా?” అన్నాడు పిల్ల వైపు తిరిగి.

సంజన బిస్కెట్టు ముక్క నలిపి నీళ్లలో వేస్తోంది. తల కూడా ఎత్తలేదు.

“సేప నీళ్లు తాగదు తాతా. నాను రోజూ సూత్తన్నాను. నోట్లోకి ఏసుకుంతాది, పక్కనించి ఒగ్గేత్తాది.”

ఊరంతా పోసిన నీళ్లు, కట్టిన వరస, రత్నాలమ్మ గారి కోడళ్ల మూటలు, అన్నీ ఆ ఒక్క మాటతో గంగలో కలిశాయి. మావ నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది తక్కువ, ఎక్కడ ఆపాలో ఆయనకే తెలిసినట్టు లేదు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాడు. సుభద్రత్త పోయినరోజు కూడా కొబ్బరిబొండాల రేటు గురించి ఎవరితోనో తగువేసుకున్న మనిషి, బాల్చీ అంచు పట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

“అయితే ఇంక నాకెవులు సెప్తారే?” అన్నాడు.

సంజన చేపని కాసేపు పరీక్షగా చూసింది. “కలెక్టరుకి తెల్దు తాతా” అంది.

ఆయన కళ్లు తుడుచుకుని లేచాడు. నూతి దగ్గరికి వెళ్లి గట్టు మీది తాడుకి తనే చెంబు కట్టి దించాడు. చాలాకాలం తర్వాత కూడా చేతులకి ఆ లోతు గుర్తుంది, చూడకుండానే ఆపి పైకి లాగాడు. నేను వద్దనేలోపే ఎత్తి గడగడా తాగేశాడు. మూతి తుడుచుకోలేదు.

“తియ్యగున్నాయిరా” అన్నాడు. “మీ అత్త తాగినప్పుడూ ఇలగే తియ్యగుండేవి.”