దొరల ప్రభావమట!

పొద్దు గూకినా నా కోపం ఇంకా చల్లారలేదు. చిత్రాల ప్రదర్శనకు బొమ్మలు ఏరడానికి పట్నం నుంచి ఒక పెద్దమనిషి ఈ రోజు గద్వాల వచ్చాడు. నేను వేసి చూపిన బొమ్మలో మనుషులు, చెట్లు ఉండవు. పసుపు, ఎరుపు పట్టెలు దువ్వెన పళ్లలా ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. ప్రపంచ యుద్ధంతో బజార్లో రంగులు దొరక్క, పొరుగింట్లో చీరలు నేసే నర్సమ్మ నూలుకు అద్దగా మిగిలిన రంగులతోనే వేశాను.

ఆయన మెచ్చుకుని, "ఏ ఇంగ్లీషు దొరల పుస్తకం చూసి నేర్చినవ్?" అన్నాడు.

పక్కనే ఉన్న నర్సమ్మను చూపించాను. "ఈమె మగ్గం చూసి నేర్చిన సార్. చీరకు అంచు కలిపే తీరు చిన్నప్పటి సంది చూస్తున్న."

ఆయన నవ్వాడు. "గిది బయట చెప్పకు, పరువు పోతది. విదేశీ ప్రభావం అని రాస్త" అని చీటీ రాసి బొమ్మకు అంటించాడు. పైగా నర్సమ్మను మంచినీళ్లు తెమ్మన్నాడు!

ఆమె తెచ్చింది కూడా. అది చూసి నా ఒళ్లు మండిపోయింది. చీటీ చింపేసి, "నర్సమ్మ మగ్గం దగ్గర నేర్చుకున్నది" అని రాసి పెట్టాను.

"అయితే నీ బొమ్మ నాకొద్దు" అని ఆయన లేచి వెళ్లిపోయాడు. పోతే పోనీ అని దాన్ని నర్సమ్మకే ఇచ్చాను.

ఆమె చాలాసేపు చూసి, "రెండు రంగుల నడుమ సన్నటి నల్ల పోగు ఉండాలె బిడ్డా. మరిచినవ్" అంది.

నిజమే, మరిచాను. పట్నం పెద్దమనిషికి అది కనబడనే లేదు. మీరే చెప్పండి, బొమ్మలు ఏరాల్సింది ఎవరు?