ఇంటి బండి చూసొచ్చిన ఆదివారం

మలేసియా వంతెనకు ఇవతల, యూ టీ అనే పేటలో మేం అద్దెకుంటున్న గదికి ఒక షరతు ఉంది. నీళ్లు కాచుకోవచ్చు, నూడుల్స్ ఉడికించుకోవచ్చు, పోపు మాత్రం పెట్టకూడదు. ఇంటావిడ మంచిదే కానీ, ఆవాలు చిటపటమంటే చాలు, తలుపు దగ్గర నిలబడి గాలి వాసన చూస్తుంది. అంతకుముందు జురాంగ్ వెస్ట్‌లో ఉన్న ఇంట్లోనూ ఇదే తంతు. కొత్తింట్లో చేరగానే పాలు పొంగించడం మనకు ఆనవాయితీ కదా. నేను ఆ రెండిళ్లలోనూ పాలు గిన్నె అంచుదాకా రాగానే మంట ఆర్పేశాను. వాళ్ల పొయ్యి మీద మరక పడితే ఏమంటారోనని భయం.

అందుకే నాకు సొంత వంటిల్లు కావాలి. వుడ్‌ల్యాండ్స్‌లో పదకొండో అంతస్తులో అగ్గిపెట్టెంత ఫ్లాట్ ఒకటి అమ్మకానికొచ్చింది. మా ఆయన ప్రసాద్‌కు మాత్రం చక్రాలున్న ఇల్లు కావాలి. వై టూ కే గండం గట్టెక్కినా ప్రోగ్రామర్లకు గిరాకీ తగ్గని రోజులవి. పొద్దున ఉద్యోగం మానేస్తే సాయంత్రానికి ఇంకొకటి దొరికేది. "ఆరు నెలలు పనిచేద్దాం, ఆరు నెలలు తిరుగుదాం సుధా. పనున్నన్నాళ్లూ బండి అవతల మలేసియాలో, జొహోర్‌లో ఆపుకుని రోజూ వంతెన దాటి ఆఫీసుకెళ్లొచ్చు" అనేవాడు. జొహోర్‌లో అప్పలనాయుడు అంకుల్ అని మలేసియా తెలుగాయన తన ఇంటి బండి అమ్ముతున్నారని తెలిసింది. ఫ్లాట్ యజమాని రహీం అంకుల్ ఆదివారం సాయంత్రం ఏడింటిలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారట. రెండిళ్లూ కొనే స్తోమత మాకు లేదు. కాబట్టి ఆ ఆదివారమే బయల్దేరాం.

ఆరున్నర రైలుకి యూ టీలో ఎక్కి వుడ్‌ల్యాండ్స్‌లో దిగి, వంతెన దాటే బస్సు పట్టుకున్నాం. వెళ్లదలచినవాళ్లకు ఒక మాట. చెక్‌పోస్టు దగ్గర అందరూ దిగి పాస్‌పోర్టులు చూపించి, వెనకొచ్చే అదే నంబరు బస్సు ఎక్కాలి. టికెట్ పారేయకూడదు. దేశదిమ్మరిగా బతకబోతున్న మా ఆయన చక్కగా చించి పారేసి, మళ్లీ కొన్నాడు. నేను నా టికెట్ పర్సులో పెట్టుకున్నాను.

వంతెన మీద మా బస్సు ఆగింది. ఎదురు వరుసలో, జొహోర్ వైపు నుంచి, మోటారు సైకిళ్లు వస్తున్నాయి. వందలో వేలో తెలియదు, నీళ్ల మీదంతా హెడ్‌లైట్లే. ఆదివారం కూడా ఇంతమందా అనుకున్నాను. పక్కన నిలబడ్డ తమిళావిడ నా మొహం చూసి, "సోమవారం వచ్చి చూడుమా, ఇది ఏమీ కాదు. ఇల్లు అక్కడ, పని ఇక్కడ. ఏం చేసేది" అంది. రోజూ ఒక దేశంలో నిద్రలేచి ఇంకో దేశంలో పనిచేసే ఇంతమందిని బస్సు కదిలేదాకా తల తిప్పకుండా చూశాను.

జొహోర్‌లో ఇంకో బస్సెక్కి కోటా టింగీ అనే ఊళ్లో దిగేసరికి పది కావస్తోంది. స్టాండు బయట అంకుల్, సత్యవతి ఆంటీ బండితో సహా ఎదురుచూస్తున్నారు. పాత బస్సు అది. సీట్లు పీకేసి మంచం, పొయ్యి, అలమర బిగించారు. అంకుల్ తాతగారు ఎప్పుడో శ్రీకాకుళం నుంచి తోటల్లో పనికి వచ్చారట. ఆ యాస మాత్రం ఇంకా పోలేదు. "ఏటమ్మా, మకాన్ అయిందా, తిన్నారా? లేదా? అయితే ఎక్కండి, సముద్రం కాడ తిందుం" అన్నారు.

గంట ప్రయాణం. ఒక చోట రోడ్డు దిగి సరుగుడు చెట్ల కింద బండి ఆపారు. ఆంటీ వెనక తలుపు గడియ తీసి రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

సముద్రం ఇంట్లోకొచ్చేసింది. మంచం అవతల ఇసుక, ఇసుక అవతల నీళ్లు, అంతే. ఒక్క మనిషి లేడు. నేను మంచం మీద కూర్చున్నదాన్ని అలాగే ఉండిపోయాను. వద్దని చెప్పడానికే వచ్చినదాన్ని, ఆ సంగతే మరిచిపోయాను. ఆంటీ ఎండుమిరపకాయలతో పప్పుకు పోపు పెడితే ఘాటంతా సముద్రం మీదికి పోయింది. వాసన చూడ్డానికి ఇంటావిడ లేదు. ప్రసాద్ నా వంక చూసి నవ్వాడు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో సరేననేసేదాన్నే.

భోజనాలయ్యాక టీకి పాలు నేను పెట్టాను. "ఆంటీ, ఈ బండిలో చేరిన రోజు పాలు పొంగించారా?" అని అడిగాను.

"బండిలో పొంగనివ్వకూడదమ్మా. మంట ఆరిపోతే గ్యాసు లోపలే నిండిపోద్ది. పడుకునేదీ ఇక్కడే కదా. ఆరేళ్ల నుంచీ పాలు పెడితే పొయ్యి కాడ నుంచి కదల్ను" అంది ఆంటీ. ఆవిడకు అదేం కొరతగా లేదు. ఆరేళ్లలో చూసిన ఊళ్లన్నీ మెరిసే కళ్లతో చెప్పుకొచ్చింది. అంకుల్‌కి ఇప్పుడు చీకట్లో చూపు ఆనడం లేదు, అందుకే అమ్ముతున్నారు. నేను పాలు అంచుకు రాగానే మంట ఆర్పాను. ఎప్పటిలాగే.

మూడింటికి అంకుల్ మమ్మల్ని మళ్లీ స్టాండులో దింపారు. బస్సులో ప్రసాద్ కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగి, "నీకు నచ్చింది కదూ?" అన్నాడు.

"నచ్చింది. ఆ తలుపు తీసినప్పుడు ఏడుపొచ్చింది."

"నేను చూశాను. పాల మాట అన్నప్పుడు కూడా చూశాను" అన్నాడు. జొహోర్‌లో దిగి బస్సు మారాం. ఈసారి వంతెన టికెట్ మాత్రం జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

చెక్‌పోస్టు వరసలో ఆలస్యమై, రహీం అంకుల్ తలుపు తట్టేసరికి ఏడుకు పది నిమిషాలుంది. ఇంతకుముందు ఆ ఫ్లాట్‌ను మిట్టమధ్యాహ్నం, తెరలు వేసి ఉండగా చూశాం. ఇప్పుడు వంటింటి కిటికీ తెరిచి ఉంది. పొద్దున మేం వెళ్లిన వంతెన, అవతల జొహోర్, మధ్యలో నల్లబడుతున్న నీళ్లు. ఇళ్లకు తిరిగివెళ్తున్న బళ్ల ఎర్ర దీపాలు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా వరసగా కదులుతున్నాయి. ఇంత చిన్న వంటింటికి అంత కిటికీనా అని నిలబడిపోయాను.

ప్రసాద్ పొయ్యి దగ్గరికెళ్లి, "అంకుల్, ఇక్కడ పోపు పెట్టుకోవచ్చా? పాలు పొంగి పడొచ్చా?" అని అడిగాడు.

రహీం అంకుల్‌కి ప్రశ్నే అర్థం కాలేదు. "మీ ఇల్లే కదా. మీరేం వండుకుంటే నాకేంటి" అన్నారు.

"అయితే తీసుకుంటున్నాం" అని ప్రసాద్ లిఫ్టు దిగి వెళ్లి పాల డబ్బాతో వచ్చాడు. ముహూర్తం లేదు, కాగితాల మీద సంతకాలు లేవు, గిన్నె కూడా రహీం అంకుల్‌దే. ఆయన నవ్వుతూ పక్కకు జరిగి చోటిచ్చారు. పాలు వేడెక్కాయి, మీగడ కట్టింది, అంచుదాకా లేచింది. నా చెయ్యి దానంతటదే మంట ఆర్పబోయింది. ప్రసాద్ ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు. పాలు నాలుగు వైపులా పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమన్నాయి. నేను కిటికీలోంచి ఆ ఎర్ర దీపాలు చూస్తూ ఏడ్చాను. ప్రసాద్ ఆ సముద్రాన్ని నాకోసం వదులుకున్నాడని తెలుసు. గెలిచానని మాత్రం అనిపించలేదు.

తిరుగు రైల్లో ప్రసాద్ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఒక్క రోజులో రెండు దేశాలు, రెండిళ్లు చూశాం. ఆ వెనక తలుపు తెరిచిన క్షణం ఇప్పటికీ కళ్లముందే ఉంది. వీలైతే మీరూ ఒకసారి అలాంటి బండి ఎక్కి చూడండి. చూశాక ఏ ఇంట్లో ఉన్నా కిటికీ దగ్గరికి తరచుగా వెళ్తారు.

యూ టీలో తలుపు తీయగానే ఇంటావిడ ఎదురొచ్చింది. నా చున్నీకి మాడిన పాల వాసన పట్టేసినట్టుంది, గాలి పీల్చి మొహం చిట్లించింది.

"ఏంటీ వాసన? వంట చేశారా?"

"చేశాం ఆంటీ, మా ఇంట్లో" అన్నాను.