నెట్ సెంటర్లో కెమెరా

డిగ్రీ చివరి ఏడాది, సెమిస్టర్ రిజల్ట్స్ చూసుకుందామని అద్దంకిలో నేనెప్పుడూ వెళ్లే నెట్ సెంటర్‌కు వెళ్లాను. ముందురోజు మా కాలేజీలో ఇంటర్నెట్ జాగ్రత్తల గురించి మాట్లాడిన హైదరాబాద్ మేడమ్ కూడా అక్కడికి వచ్చారు. నన్ను చూసి పలకరించబోయి, నా కంప్యూటర్ మీద లైటు వెలుగుతున్న కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇది ఆన్‌లో ఉందమ్మా!"

ఓనర్‌ని నిలదీసి అతని కంప్యూటర్ తెరిపించారు. అందులో నేను చున్నీ సర్దుకుంటున్న వీడియో ఉంది.

"నాన్నకు తెలిస్తే చదువు మాన్పిస్తారండీ," అని ఏడ్చాను.

"తప్పు చేసింది వాడు. నువ్వెందుకమ్మా దాక్కోవడం?" అన్నారావిడ.

కళ్లు తుడుచుకుని ఆవిడ వెంట వెళ్లి పోలీసులకు ఫిర్యాదు చేశాను. ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను.

"రేపు సాయంత్రం స్టేషన్‌కి నేనూ వస్తా. పొద్దున కాలేజీ మాత్రం మానకు," అన్నారాయన.

ఆ మాటతో బతికాను. కానీ అంతకుముందు ఆ ఓనర్ నన్ను కెమెరాలో ఎన్నిసార్లు చూశాడో అన్న భయం ఇప్పటికీ పోలేదు.