రాణి మింగిన సూది

కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజుల్లో మనిషికి తెలియనిదంటూ ఉండదు; నాకైతే మరీను. ఉదయగిరిలో సైన్సు టీచరుగా చేరి, ఒక టైలరు గారి మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆయన్ని చాచా అనీ, ఆయన భార్యను చాచీ అనీ పిలిచేవాణ్ణి. డిగ్రీలో జువాలజీ చదివానని చెప్పిన రోజునుంచీ వాళ్ళ దృష్టిలో నేను సగం పశువుల డాక్టర్ని. (నేను దగ్గరగా చూసిన జంతువు కప్ప ఒక్కటే. అదీ చచ్చాక.)

ఒక ఆదివారం సాయంత్రం చాచీ ఏడుస్తూ మెట్లెక్కి వచ్చింది. "సారూ, రాణి సూది మింగేసిండాది." రాణి వాళ్ళ పిల్లి. కూతురు అత్తారింటికి పోతూ తల్లి చేతుల్లో పెట్టిపోయిన పిల్లి. కిందికి వెళ్ళి చూస్తే దాని నోట్లోంచి జానెడు నల్లదారం వేలాడుతోంది. ఊళ్ళో పశువుల ఆసుపత్రికి తాళం. ఆత్మకూరులో ఒక డాక్టరు సెలవు రోజు కూడా చూస్తాడంటే ఫోన్ చేశాం. "దారం లాగబాకండి. వెంటనే తీసుకురండి," అన్నాడాయన. లాగొద్దు సరే, లోపలికి జారిపోతే? నా జువాలజీ నిద్ర లేచింది. దారం కొస రెండు వేళ్ళతో పట్టుకుని ఆటో ఎక్కాను. చాచీ ఒళ్ళో పిల్లి, పక్కన నేను, ముందు డ్రైవరు పక్కన ఇరుక్కుని చాచా. గతుకు వచ్చినప్పుడల్లా దారం బిగిసేది, రాణి నా చెయ్యి కొరికేది. "వదలబాక సారూ," అని చాచా ధైర్యం చెప్పేవాడు.

డాక్టరు మమ్మల్ని చూసి, "దారం పట్టుకోమని ఎవరు చెప్పినారు?" అన్నాడు. "సారు జువాలజీ," అన్నాడు చాచా గర్వంగా. డాక్టరు నన్నొకసారి ఎగాదిగా చూసి, రాణిని బల్ల మీద పడుకోబెట్టాడు. మత్తిచ్చి నోరు తెరిస్తే సూది నాలుక కింద గుచ్చుకుని ఉంది. పట్టకారుతో తీసి, "గొంతు దాటుంటే పొట్ట కోయాల్సొచ్చేది," అన్నాడు. చాచీ అక్కడే నేలమీద కూలబడి కొంగులో మొహం దాచుకుంది. అప్పుడు ఆయన చూపు నా చేతి మీద పడింది. "పిల్లికి బాగుండాది. మీరు మనుషుల ఆస్పత్రికి పోండి."

అక్కడి నర్సమ్మ, "ఏం కరిచింది? మీ పిల్లేనా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే చాచీ అందుకుంది. "మా పిల్లే. ఈ సారు కూడా మావోడే."

మిగతా ఇంజెక్షన్లన్నింటికీ చాచీయే తోడొచ్చింది. నేను కళ్ళు మూసుకుంటే తల నిమిరేది. ఇప్పుడు నాకు తల నెరిసింది, బీపీ వచ్చింది, చాలా ఊళ్ళు మారాను. రక్తపరీక్షకు చెయ్యి చాపేటప్పుడు మాత్రం నా పక్కన ఎవరైనా నిలబడ్డారా అని ఇప్పటికీ ఒకసారి వెనక్కి చూస్తాను.