మా బండిలో లేనివి

మొన్న రాయ్‌పూర్‌లో, తెలీబంధాలోని మా ఆఫీసు కింద ఓ అంబులెన్సు ఆగింది. లోపల రోగి ఎవరూ లేరు. డ్రైవరు వెనక తలుపులు బార్లా తెరిచిపెట్టి టీ తాగడానికి పోయాడు. మెట్లు దిగుతున్న నాకు ఎండకు కాగిన రెగ్జిను, ఫినాయిలు, కాస్త స్పిరిటు కలిసిన వాసన గుప్పున తగిలింది. నలుగురూ ముక్కు మూసుకునే వాసనే అది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. నర్సమ్మ పిన్ని చీరకొంగు ఎప్పుడూ ఆ వాసనే వేసేది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అన్న ఆలోచన కూడా లేకుండా బండి దాకా వెళ్లి లోపలికి తొంగిచూశాను. ఆక్సిజన్ సిలిండరు ఉంది, స్ట్రెచర్ ఉంది. మరి ఏం లేవు? ఇలా వెతకడం ఆవిడ నాకు అంటించిన జబ్బు. ఇన్నేళ్లయినా వదల్లేదు.

పిన్ని అంటే రక్తసంబంధం ఏమీ లేదు. రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా గోడకు ఆనుకున్న ఇల్లు వాళ్లది. వాళ్లూ మేమూ పలాస వైపు నుంచి వచ్చినవాళ్లమే. ఆవిడ భర్త రైల్వేలో గార్డు, ఆవిడ ఓ నర్సింగ్ హోమ్‌లో నర్సు. ఆయన పోయాక వచ్చిన డబ్బుతో సొంత ఊళ్లో ఇల్లు కొనుక్కోమని బంధువులంతా చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. ఆవిడ అందరి మాటా శ్రద్ధగా విని, రాయ్‌పూర్ దాటాక వచ్చే అభన్‌పూర్‌లో ధమ్తరీ రోడ్డు పక్కన రెండు గదులు అద్దెకు తీసుకుని, ఓ పాత వ్యాను కొని అంబులెన్సుగా మార్పించింది. కొన్నాళ్లకు ఇంకోటి. ఎందుకు పిన్నీ ఇదంతా అని అడిగితే, "రోగులు మా నర్సింగ్ హోమ్‌కొచ్చీసరికి సగం కథ అయిపోయీదే. ఆ సగం ఏటో సూడాలని" అంది. త్యాగం, సేవ లాంటి పెద్ద మాటలు ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. తెలుసుకోవాలన్న దురద, అంతే. కూరగాయలమ్మే ఆమెను కూడా ఈ వంకాయ ఏ ఊరిది, ఆ ఊరికి ఏ రోడ్డున పోవాలి, వానలో ఆ రోడ్డు ఉంటుందా అని అడిగి చంపేది. పావుకిలో వంకాయల కోసం అరగంట.

నేను డిగ్రీ పూర్తిచేసి, ఓ కంప్యూటర్ కోర్సు కూడా వెలగబెట్టి, ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న రోజుల్లో మా అమ్మ నన్ను ఆవిడకు అప్పజెప్పింది. రోజూ బస్సులో అభన్‌పూర్ పోయి ఫోన్ ఎత్తడం నా పని. పెద్ద బండి నడిపేవాడు సంతోష్. వాడిది అక్కడి పల్లెటూరే, మాట్లాడేది ఛత్తీస్‌గఢీ. పిన్ని దగ్గర తిట్లు తిని తిని తెలుగు నేర్చుకున్నాడు కాబట్టి, వాడి తెలుగులో తిట్లే ఎక్కువ, మిగతాది హిందీ. మర్యాదగా మాట్లాడాలంటే పాపం వాడికి మాటలు దొరికేవి కావు.

ఆ వానాకాలం జరిగింది చెప్పకుండా పిన్ని గురించి చెప్పలేను. వాగు అవతల ఓ ఊళ్లో ఒకమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. భర్త హైదరాబాద్‌లో తాపీపని చేస్తున్నాడు. ఇంటినుంచి కబురు అందగానే అతను తన ఫోన్‌లో అంబులెన్సు కోసం వెతికాడు. ఏదో జాబితాలో రాయ్‌పూర్ నంబరు కనిపిస్తే దానికే చేశాడు. ఆ బండి నగరం దాటి, అభన్‌పూర్ దాటి, మా గుమ్మం ముందు నుంచే వెళ్లింది. వాగు మీద ఉండేది రప్టా, అంటే నీళ్లు పైనుంచి పొర్లిపోయే పొట్టి వంతెన. ఆ రోజు అది మునిగి ఉంది. బండి వెనక్కి తిరిగిపోయింది. ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తెలియక, బండి గుమ్మంలోకి వస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నారు. చివరికి ఎవరో ఈదినంత పని చేసి ఇవతలికి వచ్చి, మోటారు సైకిలు మీద మా దగ్గరకు పరిగెత్తుకొచ్చాడు. మేం వెళ్లాం. ఆ అమ్మాయిని మంచం మీద మోసుకుని నీళ్లు దాటించారు. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు.

ఆసుపత్రి వరండాలో ఆ అమ్మాయి అత్తగారి ఫోన్ మోగుతోంది. హైదరాబాద్ నుంచి భర్త. ఆమె మాట్లాడే స్థితిలో లేకపోతే పిన్ని తీసుకుంది. హిందీలో నెమ్మదిగా జరిగింది చెప్పి, చివర ఉండబట్టలేక, "మా బండి మీ ఊరికి అంత దగ్గర్లో ఉంది కదా నాయనా, మాకెందుకు చెయ్యలేదు?" అని తెలుగులో అనేసింది. అవతల అతను కూడా తెలుగులోనే, అక్కడ పనిలో నేర్చుకున్న తెలుగులో జవాబిచ్చాడు. "నాకు తెల్వదమ్మా. యాడ చూడాలె?"

పిన్ని దగ్గర ప్రశ్నలకు ఎప్పుడూ కరువు లేదు. అతని ప్రశ్న మాత్రం ఆవిడను వదల్లేదు. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు బల్ల మీద బాసీ గిన్నె, అదే మన చద్దన్నం, ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంది. "ఒలే గౌరీ, ఆడు యాడ సూడాల? సెప్పు." సొంత వెబ్‌సైటు ఉండాలి పిన్నీ అన్నాను. సంతోష్ నవ్వాడు. "బోర్డు హై, వాట్సాప్ హై. పల్లెటూరోళ్లు వెబ్‌సైటు ఏటి చూస్తారు దీదీ?" "పల్లెటూరోళ్లు సూడరు సరే, పల్లెటూరోళ్ల మొగుళ్లూ తమ్ముళ్లూ యాడున్నారు?" అంది పిన్ని. సూరత్‌లో, నాగ్‌పూర్‌లో, హైదరాబాద్‌లో. ఆ మాటతో సంతోష్ నవ్వు ఆగిపోయింది. వాడి తమ్ముడు కూడా పుణెలో ఉన్నాడు.

అప్పుడు మా సర్వీసు పేరు నేను ఇంటర్నెట్‌లో వెతికాను. ఓ జాబితాలో మా పేరే ఉంది, పక్కన నంబరు మాత్రం ఎవరిదో. పిన్ని కళ్లు మెరిశాయి. వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేయించి, అభన్‌పూర్‌కి బండి కావాలంది. అవతలివాడు ఎంతో మర్యాదగా, "మా బండి అభన్‌పూర్‌లోనే నిలబడి ఉంది మాతాజీ" అన్నాడు. పిన్ని కిటికీలోంచి తన రెండు బండ్లనీ చూస్తూ, "అలాగా! ఏ దుకాణం ముందు నిలబడ్డాది బాబూ?" అని హిందీలో అడిగింది. వాడు ఫోన్ పెట్టేశాడు. మన గురించి మనం చెప్పుకోకపోతే ఎవడో ఒకడు చెబుతూనే ఉంటాడని నాకు ఆ పూట తెలిసింది. కోపం రావలసిన చోట పిన్నికి ఉత్సాహం వచ్చింది. కొంగు నడుముకు చుట్టింది.

నేను రాత్రీ పగలూ కూర్చుని చేసిన మొదటి పేజీని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. పైన గిరగిరా తిరిగే ఎర్ర లైటు, దాని కింద స్టెతస్కోపు వేసుకుని నవ్వుతున్న తెల్ల డాక్టరు. పిన్ని కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "ఈ డాక్టరు మన బండి ఎక్కుతాడేటి?" లేదు పిన్నీ, ఊరికే అందానికి. "ఎక్కనోడిని ఎందుకెక్కించావే?" ఆ తర్వాత నన్ను సంతోష్ బండిలో వాగు అవతలికి తీసుకెళ్లింది. ఓ టీ కొట్టు ముందు కూర్చున్న మనిషి చేతికి ఫోన్ ఇచ్చి, తెరవమంది. సిగ్నల్ ఒక గీత. డాక్టరు నవ్వు పళ్ల దాకా దిగడానికే టీ చల్లారిపోయింది. ఫోన్ నంబరు ఇంకా రాలేదు. ఆ మనిషి పాపం మర్యాదగా ఎదురుచూస్తున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. డాక్టర్నీ లైటునీ ఆ రాత్రే తీసేశాను. తర్వాత పిన్ని ఊరూరా తిరిగి నా చేత వాక్యాలు పైకి చదివించి, వింటున్నవాళ్ల మొహాలు చూసేది. చదివేది ఒకరు, వినేది ఇంటిల్లిపాదీ కాబట్టి మాట చెవికి అర్థం కావాలనేది. ఎవరి కనుబొమ్మ ముడిపడినా ఆ వాక్యం మార్చాల్సిందే.

అసలు యుద్ధం చివర్లో వచ్చింది. మా దగ్గర ఉన్నవన్నీ రాశాక పిన్ని, "ఇప్పుడు లేనివి రాయే. పైన రాయి" అంది. వానల్లో మా బండి రప్టా దాటదు. కాబట్టి వాగు అవతలి ఊళ్లవాళ్లు ఫోన్ చేస్తూనే మనిషిని మంచం మీద ఇవతలి ఒడ్డున బడి దగ్గరకు తెచ్చుకోవాలి. మా బండిలో డాక్టరు ఉండడు. గుండె ఆగితే షాకు ఇచ్చే మిషను మా దగ్గర లేదు. ఛాతీలో నొప్పి వస్తే, చెమటలు పోస్తే మాకు చెయ్యకండి, మొదట సర్కారీ ఆసుపత్రి దగ్గరుండే, ఆ మిషనున్న బండికి చెయ్యండి, అది దొరక్కపోతేనే మాకు. ఇవీ ఆవిడ రాయించిన మాటలు.

సంతోష్ భగ్గుమన్నాడు. "అమ్మా, ధందా చౌపట్! యాపారం మునిగిపోతాది! దుకాణంలో ఏటి లేదో ఎవడైనా బోర్డు కడతాడా?"

"దుకాణంలో పప్పు లేకపోతే పక్క దుకాణానికి ఎల్తాడు. మన బండిలో లేదని దార్లో తెలిస్తే ఆడు యాడికెల్తాడ్రా?"

లోలోపల నేను సంతోష్ పక్షమే. బండ్లు మూతపడితే వాడి ఇల్లు ఎలా గడుస్తుంది, నా ఉద్యోగం ఏమవుతుంది? ఆ భయం నిజమే అయింది. మొదటి నెల ఫోన్లు తగ్గాయి. సంతోష్ పొద్దున్నే బండి తుడిచి, మోగని ఫోన్‌కి దండం పెట్టేవాడు. పిన్ని పైకి ఏమీ అనకపోయినా, రెండో బండి అమ్మేద్దామా అని ఓసారి నన్ను మెల్లగా అడిగింది. ఆ మాటలు తీసేద్దామా అని మాత్రం అడగలేదు.

మళ్లీ వానలొచ్చాయి. ఒక ఉదయం ఫోన్ మోగింది. అదే వాగు అవతలి ఊరు, వేరే ఇల్లు, వేరే అమ్మాయి. "దీదీ, మేం రప్టా దాటి ఇవతల బడి దగ్గర ఉన్నాం, రండి" అని ఆడగొంతు. ఏం జరిగింది, ఎక్కడున్నారు అని నేను అడగాల్సిన ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే వచ్చేశాయి. పిన్ని కూడా బండి ఎక్కింది. దారంతా ఆ ఫోన్ చేసినామెను అడిగింది ఒక్కటే, మీకు ఎవరు చెప్పారు అని. ఆ అమ్మాయి తమ్ముడు నాగ్‌పూర్‌లో ఉంటాడట. వానలు మొదలవగానే మా పేజీ తెరిచి, ఫోన్‌లో ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాడట. ఇంకా నొప్పులు రాకముందే! ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి బయట పిన్ని బండి మెట్టు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూసింది అదొక్కసారే. ఆ తర్వాత ఫోన్లు మెల్లగా పెరిగాయి. మునుపటితో పోలిస్తే మరీ ఎక్కువేం కాదు గానీ, మాకు చేసినవాళ్లు మమ్మల్ని నమ్మి చేసేవాళ్లు.

కొన్నేళ్ల తర్వాత ఓ పొద్దున్న పిన్ని మెంతికూర ఏరుతూ ఆగిపోయింది. మొహం నిండా చెమటలు. చెయ్యి ఛాతీ మీదకు పోయింది. సంతోష్ క్షణంలో బండి గుమ్మానికి ఆనించి స్ట్రెచర్ దించాడు. పిన్ని కదల్లేదు. "మన బండి కాదురా" అంది. సంతోష్ బతిమాలాడు, అరిచాడు, తనకు వచ్చిన తెలుగు తిట్లన్నీ తిట్టాడు. "మనం రాసిందే కదరా. ఊళ్లోవాళ్లకొకటీ మనకొకటీనా?" అని ఆయాసపడుతూ అంది. చివరికి వాడే ఏడుస్తూ సర్కారీ బండికి ఫోన్ చేశాడు. అది వచ్చింది. రాయ్‌పూర్ దారిలో పిన్ని గుండె ఆగింది. ఆ బండిలో మిషను ఉంది. రెండో షాకుకు మళ్లీ కొట్టుకుంది. మా బండిలో అయితే మేం ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చునేవాళ్లం, అంతే. రెండు రోజులకు కళ్లు తెరిచి నన్ను అడిగిన మొదటి మాట, "ఆ మిషను ఎలాగుందే? నేను సూళ్లేదు."

అలా దక్కించుకున్న ఏళ్లు ఆవిడ ప్రశ్నలు అడుగుతూనే గడిపి, రెండేళ్ల కిందట వెళ్లిపోయింది. బండ్లు ఇప్పుడు సంతోష్ నడుపుతున్నాడు. నేను వెబ్‌సైట్లు చేసే ఆఫీసులో ఉన్నాను. వచ్చినవాళ్లంతా తమ దగ్గరున్న గొప్పలు చెబుతారు. నేను లేనివేమిటని అడుగుతాను. సగం మంది విసుక్కుంటారు. పిన్ని లేని లోటు నాకు ఎక్కువగా తెలిసేది ఆ విసుగు చూసినప్పుడే. ఆవిడైతే రెట్టించి అడిగేది. అభన్‌పూర్ పేజీ మాత్రం ఇప్పటికీ నా చేతిలోనే ఉంది. ప్రతి జ్యేష్ఠంలో వాగు పక్క ఊళ్లకు ఫోన్ చేసి రప్టా సంగతి కనుక్కుని మారుస్తాను.

పోయిన నెల సంతోష్ ఫోన్ చేశాడు. షాకు ఇచ్చే మిషను కొన్నాడట, ఓ కుర్రాడికి దాన్ని వాడటం కూడా నేర్పించాడట. వాడి గొంతులో పండగ. నాకూ ఆనందమేసి, ఇక మిషను లేదన్న ఆ వాక్యం తీసేస్తున్నాను అని పేజీ తెరిచాను.

"రుకో దీదీ. ఆ కుర్రాడికి ఆదివారం ఛుట్టీ. ఆదివారం లేదని రాయి."

ఒక్క రోజే కదా సంతోష్, దానికోసం అంత బాగున్న పేజీలో మళ్లీ అదే మాట ఎందుకన్నాను.

"ఆదివారం గుండెనొప్పి రాదేటి?" అన్నాడు.

రాశాను. పైనే రాశాను.