మాఫీ అంటే ఏందని అడిగితే

భూపాలపల్లి బస్టాండుకు ఎదురు సందులో నాకొక జిరాక్స్ దుకాణం ఉంది. గల్ఫ్‌కు పోయేవాళ్లు పాస్‌పోర్టు నకళ్ల కోసం వస్తుంటారు. నేను పదకొండేళ్లు అక్కడ ఉండి వచ్చానని ఎవరో చెప్పి పంపుతారు. దాంతో నకళ్లు తీసుకుని ఊరికే పోరు. స్టూలు లాక్కుని కూర్చుని, "అన్నా, గాడ ఎట్లుంటది?" అని మొదలుపెడతారు. మొన్న దంతాలపల్లి నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములైతే అక్కడ బంగారం అగ్గువా, సెంట్లు అగ్గువా అని అడిగారు. నాకు ఒళ్లు మండింది.

"బంగారం సంగతి తర్వాత. ముందుగాల మీరుండే క్యాంపు పేరు కాగితం మీద రాసి జేబుల పెట్టుకోండ్రి. ఫోన్ల ఉన్నది గదా అంటరు. గా ఫోన్ బందైతే ఎవర్ని అడుగుతరు?" అని కసిరాను.

నా సలహాలు పెద్ద గొప్పవేం కావు. పాస్‌పోర్టు నకలు ఒకటి పెట్టెలో, ఒకటి ఇంట్లో, ఒకటి ఒంటిమీద ఉండాలి. డాక్టరు చీటీ లేకుండా మందుబిళ్లలు తీసుకుపోకూడదు. చదవరాని కాగితం మీద ఎంత తొందరపెట్టినా సంతకం చేయకూడదు. మామిడి తొక్కు డబ్బాకు రెండు కవర్లు చుట్టాలి, లేకుంటే బట్టలన్నీ నూనె. ఎండలో దాహం అయ్యేదాకా ఆగకుండా నీళ్లు తాగాలి. ఇవన్నీ గడగడా చెప్పేస్తాను. చివరికి భాష దగ్గరికి వస్తాను. అక్కడ నెమ్మదిస్తాను.

"గాడ 'ఫీ' అంటే ఉన్నది. 'మాఫీ' అంటే లేదు. మన మాఫీ కాదు. లేదు, లేదు" అని చెప్పి వాళ్లతోనూ మూడుసార్లు అనిపిస్తాను. కొందరు నవ్వుతారు. నవ్వినవాళ్లతో మళ్లీ అనిపిస్తాను.

మాఫీ అంటే మన దగ్గర ఎవరికి తెలియదు? తప్పు చేస్తే మాఫ్ చెయ్యమంటాం. జుర్మానా వదిలేస్తే మాఫీ అయిందంటాం. పోనీలే, ఇక ఫికర్ లేదు అన్నట్టు. అక్కడి అరబ్బీలో అది వేరే మాట. కొత్తగా దిగినవాడి చెవిలో రోజుకు వందసార్లు పడుతుంది.

నేను అక్కడికి పోయిన ఆరో ఏడు, మా మొగుళ్లపల్లి ఆడబిడ్డ ఒకామె భర్త మా కంపెనీకే వచ్చాడు. ఆమె చిన్నప్పటి నుంచి నన్ను అన్నా అనే పిలుస్తుంది, కాబట్టి అతనికి నేను బావను. అతనిది చెల్పూరు వైపు ఊరు. పాత బావుల్లో పూడిక తీయడంలో చెయ్యి తిరిగిన మనిషి. అతను విమానం ఎక్కేముందు ఆమె నాకు ఫోన్ చేసింది. "నువ్వున్నవనే ధైర్యంతోని తోలిస్తున్నన్నా. ఆయన్ను జర చూసుకో" అన్నది. "నా కండ్ల ముందట్నే ఉంటడు, నువ్వు పరేషాన్ గాకు" అన్నాను.

బావాబామ్మర్దుల మధ్య వేళాకోళాలు మనకు కొత్తా? దానికి తోడు మా క్యాంపులో ఒక అలవాటు ఉండేది. కొత్తగా వచ్చినవాడికి ఒకటో రెండో మాటలకు తప్పు అర్థం చెప్పేవాళ్లం. వాడు ఎక్కడో నోరు జారితే గదంతా పడి పడి నవ్వేది. శుక్రవారం సెలవునాడు అసలు అర్థం చెప్పి చాయ్ తాగించేవాళ్లం. నేను అక్కడ దిగిన వారంలోనే నాకూ చేశారు. వంటమనిషి ముందు పరువు పోయింది, అంతకుమించి నాకేమీ కాలేదు.

అతను వచ్చిన రెండో సాయంత్రం, మంగళవారం, చేతులు కడుక్కుంటూ అడిగాడు. "ఏంది బావా గీ మాఫీ? ఎవన్ని జూసినా గదే అంటుండు."

"మన మాఫీయే. ఏం గాదు, ఫికర్ లేదు అన్నట్టు. ఈడ సగం మన మాటలే, నీకు భాష కష్టమే లేదు పో" అన్నాను.

గదిలో ఉన్నవాళ్లు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగారు. అతను మాత్రం "మంచిగైంది బావా, భాషకే భయపడ్డ" అని సంబరపడ్డాడు.

మర్నాడు నేను వేరే చోట పనిలో ఉన్నాను. అతన్ని ఒక డ్రైనేజీ గుంత దగ్గరికి పంపారు. ఏళ్ల తరబడి మూత తీయని గుంత. పాడుబడ్డ బావిలోకి లాంతరు దించి చూసి గాని దిగని మనిషి అతను. దీపం ఆరిపోతే లోపల గాలి లేదని లెక్క. అందుకే మూత తీయగానే తొందరపడలేదు. గుంత వైపు చెయ్యి చూపి ఫోర్‌మన్‌ను "హవా?" అని అడిగాడు. హవా అంటే అక్కడా గాలే. ఫోర్‌మన్ "హవా మాఫీ" అన్నాడు. అని, గాలి పంపే యంత్రం తేవడానికి బండి దగ్గరికి నడిచాడు. మనవాడు "మాఫీ అంట, ఫికర్ లేదు" అని నవ్వి నిచ్చెన మీద కాలు పెట్టాడు. కొంచెం దూరంలో సామాను దించుతున్న మా గది మనిషి ఆ మాట విని తిరిగి చూసేసరికి తల కూడా కనబడలేదు. పిలిస్తే పలకలేదు. అంతే.

అడగాల్సింది అడిగాడు. ఫోర్‌మన్ నిజమే చెప్పాడు. అర్థం నేను చెప్పింది. గదివాళ్లకు ఇది తెలుసు, కానీ ఒక్కడూ నోరు మెదపలేదు. శవపెట్టె వెంట నేనే ఊరికి వచ్చాను. ఆమె నన్ను పట్టుకుని ఏడుస్తుంటే "లోపట గాలి ఆడలేదు చెల్లె" అన్నాను. అబద్ధం కాదు గదా అని నాకు నేను చెప్పుకున్నాను. తూ, నా బతుకు!

ఎనిమిదేళ్లయింది. టీవీలో ఏదో మాఫీ అని వార్త వస్తే లేచి బయటికి పోతాను. మా ఇంటి నీళ్ల ట్యాంకు మూత తీస్తే లోపల నుంచి "ఏంది బావా" అని వినబడుతుంది. నిజంగా వినబడుతుంది. నేను మిద్దె ఎక్కడం మానేశాను.

పోయిన వారం ఆమె దుకాణానికి వచ్చింది. కువైట్‌లో ఇంటిపనికి వీసా వచ్చిందట. నకళ్లు తీస్తుంటే పాస్‌పోర్టు సరిగ్గా పెట్టక ఒకటి వంకరగా వచ్చింది. ఆమె స్టూలు మీద కూర్చుంది. "అందరికి చెప్తవంట గదన్నా, నాకు గూడ చెప్పు" అన్నది.

క్యాంపు సంగతి వదిలేసి మిగతావన్నీ చెప్పాను. భాష దగ్గర ఆగిపోయాను. చెప్పకుండా పంపిస్తే పోదా అనిపించింది. ఒక్క మాటే కదా. ఆ ఒక్క మాటకు ఏమవుతుందో నాకు తెలియదా?

"భాష కొంచెం వచ్చన్నా" అన్నది తనే. "ఆఖరు ఫోన్ల ఆయన ఒక మాట నేర్పిండు. మాఫీ అంటే ఏం గాదన్నట్టు అంట గదా. బావ చెప్పిండని మస్తు సంబరపడ్డడు."

"గా అర్థం తప్పు చెల్లె. మాఫీ అంటే లేదు."

"మరి ఆయనకెందుకు గట్ల చెప్పినవ్?"

"తమాషకు చెప్పిన." ఇక ఆపలేకపోయాను. "గుంతల గాలి ఉన్నదా అని అడిగిండు. హవా మాఫీ అన్నడు ఫోర్‌మన్. గాలి లేదన్నడు. ఆయన నా మాట నమ్మి దిగిండు."

చెప్పు తీసి కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. మాఫ్ చెయ్యమని కాళ్ల మీద పడదామనుకున్నాను, కానీ ఆ మాట ఆమె ముందు నోట్లోంచి ఎట్లా వస్తుంది? ఆమె పాస్‌పోర్టు తీసుకుని సంచిలో పెట్టుకుంది. తర్వాత సంచిలోంచి పెన్ను తీసి, వంకరగా వచ్చిన నకలును వెనక్కి తిప్పింది.

"ఇంకేమేం మాటలున్నయో చెప్పు. తప్పు లేకుంట చెప్పు" అన్నది.

నీళ్లకు, నొప్పికి, దవాఖానకు, కాపాడండి అనడానికి, తెలిసినవన్నీ చెప్పాను. ప్రతి మాటనూ రెండుసార్లు అడిగి రాసుకుంది. ఒక్కసారి కూడా అన్నా అని పిలవలేదు. మన దగ్గర పొరుగింటికి పోయినా "పోయొస్త" అని లేస్తారు. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, "పోతున్న" అన్నది.